పరగడుపున రమ్మన్నాను

దోహా పక్కన అల్ వక్రాలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఇరవై నాలుగేళ్ళు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేశాను. ఈ మధ్యే మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి, మీ అనుభవాలు రాయండి సార్ అన్నారు. మెషిన్ల సంగతి వాళ్ళకి నాకంటే ఎక్కువ తెలుసు. నేను చెప్పదగ్గది ఒకటే ఉంది. ఒక రోగి విషయంలో నేను అబద్ధం చెప్పాను. దానివల్ల పక్కగదిలో పనిచేసే చైనా వైద్యుడి ఉద్యోగం పోయింది. దాన్ని సరిచేసే మాట నా ఒక్కడి దగ్గరే ఉండేది. ఆ మాట ఎందుకు చెప్పలేకపోయానో రాస్తే నా ఉద్యోగం గురించి రాసినట్టే.

మొదటి ప్రశ్న

పిత్తాశయం కాలేయం కింద అంటుకుని ఉండే చిన్న సంచి. లేత గుత్తివంకాయంత ఉంటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పైత్యరసంతో నిండి, తెర మీద నల్లగా, నున్నగా కనబడుతుంది. లోపల రాయి ఉంటే తెల్లగా మెరిసి, వెనక నీడ పడుతుంది. తిన్నాక ఆ సంచి ముడుచుకుపోతుంది. రాళ్ళు కనబడవు, గోడ మందంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అందుకే ఆరుగంటలు ఏమీ తినకుండా రమ్మంటాం. మా గదిలో అడిగే మొదటి ప్రశ్న, “తిన్నారా?”

ఈ ప్రశ్న తెలుగువాళ్ళని అడిగితే ఒక చిక్కుంది. నేను చేరిన కొత్తలో గుంటూరు నుంచి వచ్చిన ఒక ఇంజనీరుగారిని రెండుసార్లు వెనక్కి పంపాను. “తిన్నారా అండీ?” అంటే, “ఆఁ, అయిందండీ. మీది?” అన్నారు రెండుసార్లూ. మూడోసారి వాళ్ళావిడ వెంట వచ్చింది. “ఆయన నిన్న రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ. మీరు పలకరించారు కదా అని మర్యాదకి అయిందంటున్నారు,” అంది.

మా పెద్ద డాక్టరు నబీల్ ఈజిప్టు మనిషి. ఈ సంగతి విని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నన్ను కూచోబెట్టి చెప్పాడు. “మీ భాషలో ఆ ప్రశ్న సలాం లాంటిది. సలాంకి ఎవరూ నిజం చెప్పరు. రెండో ప్రశ్న అడుగు. ఏం తిన్నావు? ఎన్నింటికి?”

అప్పటి నుంచి ప్రతి రోగినీ రెండో ప్రశ్న అడిగాను. నా కింద పనిచేసిన పిల్లలందరికీ మొదటి రోజే ఇది నేర్పాను. ఇంకొకటి కూడా నేర్పాను. జ్వరం, వాంతులు, పక్కటెముకల కింద భరించలేని నొప్పి ఉన్నవాళ్ళకి ఈ పరగడుపు నియమం లేదు. తిన్నా తినకపోయినా ఆ క్షణమే చూడాలి. మందమైన గోడ, చుట్టూ చేరిన నీరు, మెడ దగ్గర ఇరుక్కున్న రాయి, వీటిని అన్నం ముద్ద దాచలేదు. ఇది నాకు బాగా తెలుసు. తెలియక చేశానని ఎవరూ అనుకోవద్దు.

పక్కగది

నేను చేరిన పన్నెండేళ్ళకి డాక్టర్ షెన్ వచ్చాడు. చైనా సంప్రదాయ వైద్యం, సూదులు. మా గదుల మధ్య ఉన్నది జిప్సం బోర్డు గోడ. నా గది చీకటి, చల్లన. రోగులు చొక్కా ఎత్తి, జెల్లీ పూయించుకుని, తుడుచుకుని వెళ్ళిపోయేవారు. నేను వాళ్ళతో మాట్లాడేది దాదాపు ఒకటే మాట, మూడు భాషల్లో. ఊపిరి పీల్చి పట్టుకోండి. సాఁస్ రోకో. ఖుద్ నఫస్. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు. షెన్ ఒక్కొక్కరికి నలభై నిమిషాలు ఇచ్చేవాడు. గోడ అవతల నుంచి మనుషుల మాటలు వినబడేవి. నాతో పన్నెండు నిమిషాలు మూగగా ఉన్నవాళ్ళు అక్కడ ఇంటి సంగతులు చెప్పుకునేవాళ్ళు. అతనికి అరవై ఇంగ్లీషు మాటలు, ముప్ఫై అరబ్బీ మాటలు వచ్చేవి. అయినా చెప్పుకునేవాళ్ళు.

నాకు అతనంటే అసూయ మొదలైంది ఆ గోడ దగ్గరే. దానికి వేరే పేరు పెట్టుకున్నాను చాలాకాలం. అశాస్త్రీయం అన్నాను, కాలక్షేపం అన్నాను. అతని వైద్యం గురించి పుస్తకాలు తెప్పించుకుని చదివాను, తప్పులు పట్టుకుందామని.

చదివిన మీదట, చూసిన మీదట, నాకు తెలిసింది రాస్తాను. వాళ్ళు పిత్తాశయం వాపుని తేమ, వేడి కలిసి అక్కడ చేరడం అంటారు. నాలుక చూస్తారు. మీద పసుపుపచ్చ పూత మందంగా, జిడ్డుగా ఉందా అని. నాడి చూస్తారు. బిగించిన తంతిలా వేలికి తగులుతోందా అని. కషాయాల్లో వాడేవాటిలో మన పసుపు జాతి దుంప ఒకటి, విరేచనానికి ఒక వేరు, నాణెంలాంటి ఆకులున్న ఒక తీగ ఉంటాయి. మా క్లినిక్‌లో కషాయాలకి అనుమతి లేదు. షెన్ సూదులే వేసేవాడు. మోకాలి కింద కాలి బయటివైపు ఒక ఎముక గుబ్బ తగులుతుంది. దానికి రెండు మూడు వేళ్ళ దిగువన ఒక చోటు ఉంది. పిత్తాశయం బాగాలేని మనిషికి కుడికాలిలో అక్కడ నొక్కితే నొప్పెడుతుందంటారు. నేను నమ్మలేదు. కొన్నాళ్ళు నా రోగుల మీద చాటుగా నొక్కి చూశాను. కొందరికి నొప్పి పుట్టింది, కొందరికి పుట్టలేదు. రాళ్ళున్నవాళ్ళలో ఎక్కువమందికి పుట్టింది. అది నాకు నచ్చలేదు.

సూదుల తర్వాత వికారం, నొప్పి తగ్గి బయటికొచ్చిన వాళ్ళని చూశాను. రాయి కరిగినవాళ్ళని ఒక్కరినీ చూడలేదు. షెన్ కూడా కరుగుతుందని ఎప్పుడూ చెప్పలేదు. “సూది రాయిని కదిలించదు,” అని వచ్చిన మాటలతో, సైగలతో నాతోనే అన్నాడు. “మనిషి భయాన్ని కొంచెం కదిలిస్తుంది.” వాపు ముదిరి జ్వరమొస్తే అతను సూది ముట్టుకునేవాడు కాదు. ఆ గీత ఎక్కడుందో అతనికి తెలిసినంత స్పష్టంగా మా క్లినిక్‌లో ఎవరికీ తెలియదు. వాడికేం తెలుసులే అని నేను అనుకోడానికి అతను ఒక్క అవకాశమూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే అసూయ తగ్గేదేమో.

ఒకరోజు టీ దగ్గర నన్నడిగాడు. “మీ భాషలో ధైర్యం ఎక్కడ ఉంటుంది?”

“గుండెలో.”

“మాకు పిత్తాశయంలో. పెద్ద పిత్తాశయం ఉన్నవాడు ధైర్యవంతుడు. ఏది చెయ్యాలో తేల్చేది అదే అని మా పాత పుస్తకాలు.”

“అయితే ఆపరేషన్ చేసి తీసేస్తే పిరికివాడవుతాడా?”

అతను నవ్వాడు. “మా అమ్మకి తీసేశారు. ఇప్పటికీ మా నాన్న ఆమెకి భయపడతాడు.”

వసంత నవ్వు

వసంత నా భార్య. దోహాలో ఒక ఇండియన్ స్కూల్లో లైబ్రేరియన్. మధ్యాహ్నం మూడింటికి మెట్రోలో వక్రాకి తిరిగొచ్చేది. ఆమెకి పిత్తాశయంలో చిన్న రాళ్ళున్నాయి. వాటిని కనిపెట్టింది నేనే, నా మెషిన్‌లోనే. ఆపరేషన్ చేయిద్దాం అంటే, “తర్వాత చూద్దాం లెండి,” అనేది. నూనె వస్తువు తిన్న రోజు కుడిపక్క పట్టుకుని మంచం మీద మునగదీసుకుని పడుకునేది. నేను రిపోర్టు తీసి చూపించేవాణ్ణి. సైజు ఎంత పెరిగిందో చెప్పేవాణ్ణి. ఆమె పుస్తకం తెరిచేది.

ఒక మంగళవారం సాయంత్రం డ్యూటీలో రోగి కోసం ఎదురుచూస్తున్నాను. గోడ అవతల నుంచి ఒక ఆడమనిషి నవ్వు వినబడింది. ఆ నవ్వు నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం తెలుసు. మా ఇంట్లో అది వినబడక ఎంతకాలమైందో అప్పుడు లెక్కవేసుకున్నాను.

ఇంటికెళ్ళాక అడిగాను. “షెన్ దగ్గరికి వెళ్తున్నావా?”

“ఆఁ. నాలుగు వారాల నుంచి.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే రిపోర్టు చూపిస్తారు.”

“అతనితో ఏం మాట్లాడతావు? అతనికి భాషే రాదు.”

“మా అమ్మ సంగతి చెప్పాను. అమ్మ ఆపరేషన్ బల్ల మీదే పోయింది కదా. తలుపు బయట నిలబడ్డది నేనే. నాకు పదమూడేళ్ళు.”

వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయిందని తెలుసు. ఎలా పోయిందో నాకు తెలియదు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నేను అడగలేదు.

“నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.”

“మీరెప్పుడూ అడగలేదుగా,” అంది. కోపంగా కాదు, పుస్తకం ఏ అరలో ఉందో చెప్పినట్టు.

ఆ మాట తర్వాత రెండు రోజులకి వచ్చింది గురువారం.

గురువారం

పొద్దుటి షిఫ్టు అయిపోవస్తోంది. షెన్ స్వయంగా నా గది తలుపు తోసుకుని వచ్చాడు. వెనక ఒకతను గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఖాజా మియా. జగిత్యాల దగ్గరి పల్లె. బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ క్యాంప్, గోడౌన్‌లో లోడింగ్ పని. నడుం నొప్పికి షెన్ దగ్గర సూదులు వేయించుకునేవాడు. ఆ రోజు కడుపునొప్పితో వచ్చాడు. షెన్ కుడికాలి మీద ఆ చోట నొక్కితే అరిచాడట. నుదురు కాలుతోంది. షెన్ సూదుల పెట్టె తెరవను కూడా లేదు.

“ఇది నా పని కాదు, నీ పని,” అన్నాడు షెన్. “ఇప్పుడే చూడు. యల్లా.”

‘యల్లా’ అన్న మాట నాకు గుచ్చుకుంది. నా గదిలోకి వచ్చి నన్ను తొందరపెడుతున్నాడు. మంగళవారం నవ్వు ఇంకా చెవిలో ఉంది.

నేను ఖాజా వైపు తిరిగి తెలుగులో అడిగాను. “తిన్నావా?”

అతని ముఖం విప్పారింది. నొప్పిలో కూడా విప్పారింది. “తిన్న సార్,” అన్నాడు.

అక్కడ ఆగాను. రెండో ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. అడిగితే ఏం జవాబొస్తుందో నాకు తెలుసు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. చొక్కా మీద వాంతి మరక ఉంది.

షెన్‌తో ఇంగ్లీషులో అన్నాను. “తిన్నాడు. స్కాన్ కుదరదు.”

“నో. ఫుడ్ మాఫీ,” అన్నాడు షెన్, తిండి లేదని అరబ్బీ కలిపి. “టూ డేస్, ఫుడ్ మాఫీ. అంతా వాంతి.”

“అతను నాతో మా భాషలో చెప్పాడు. మీకు తెలుగు వచ్చా?”

షెన్ నా వంక చూశాడు, ఖాజా వంక చూశాడు. రాదు, అన్నట్టు తల ఊపాడు.

ఆ గదిలో అతని దగ్గర లేనిది, నా దగ్గర ఉన్నది, ఆ భాష ఒక్కటే. దాన్ని అతని మీద వాడాను. అప్పుడు నాకు కలిగింది సంతోషమే. అది దాచను.

ఖాజా అన్నాడు, “గ్యాస్ పట్టినట్టున్నది సార్. చైనా సార్ ఉట్టిగనే బుగులు పడుతుండు.”

మనవాళ్ళు ఛాతీ నుంచి బొడ్డు దాకా ఏం నొచ్చినా గ్యాస్ అంటారు. గుండెపోటుని గ్యాస్ అని సోడా తాగి పోయినవాళ్ళని చూశాను. ఆ మాట వినగానే జాగ్రత్తపడాలని నేనే పిల్లలకి చెప్పేవాణ్ణి. ఆ రోజు, “గ్యాసే అయ్యుంటుంది. రేపు శుక్రవారం సెలవు. శనివారం పొద్దున పరగడుపున రా,” అన్నాను. జబ్బు ఇదీ అని చెప్పే అధికారం నాకు లేదు. నా పని చూసి రాయడం వరకే.

“మంచిది సార్.”

షెన్ అతని భుజం పట్టుకున్నాడు. “హాస్పిటల్. నౌ. యల్లా, హాస్పిటల్.”

ఖాజా నా వైపు చూశాడు. నేను మెషిన్ ఆపుతున్నాను. అతను షెన్‌కి నచ్చజెబుతున్నట్టు, “గ్యాస్ హై సాబ్, గ్యాస్. మా తెలుగు సార్ బోలే,” అని బయటికి నడిచాడు. షెన్ గదిలో ఇంకో రోగి ఒంటినిండా సూదులతో పడుకుని ఉన్నాడు. అతన్ని వదిలి షెన్ వెళ్ళలేకపోయాడు. కంపెనీ వ్యాన్ వచ్చింది. ఖాజా క్యాంపుకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం క్యాంపు గదిలో ఉండేవాళ్ళు అతన్ని పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. పిత్తాశయం పగిలింది.

నబీల్ గది

ఖాజా బతికాడు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బరువులెత్తే పని ఇక చేయలేడని ఇంటికి పంపేశారు.

ఆసుపత్రి నుంచి మా క్లినిక్‌కి ఒక ప్రశ్న వచ్చింది. రోగి చివరిగా చూపించుకున్నది సూదుల వైద్యుడికి, అక్కడ ఏం జరిగింది అని. నబీల్ ఇద్దరినీ పిలిచాడు. సూది వేయలేదని, స్కాన్‌కి తీసుకెళ్ళానని షెన్ చెప్పాడు.

నబీల్ నన్నడిగాడు. “తిన్నావా అని అడిగావా?”

“అడిగాను డాక్టర్. తిన్నానన్నాడు.”

నబీల్ పెన్ను కింద పెట్టాడు. “రెండో ప్రశ్న?”

ఆ ప్రశ్న నేర్పినవాడే అడుగుతున్నాడు. నిజం చెప్పడానికి ఇంతకంటే తేలికైన సమయం మళ్ళీ రాదు.

“అడిగాను,” అన్నాను. “పొద్దున రొట్టె, చాయ్ అన్నాడు. నొప్పి కూడా అంతగా లేదన్నాడు.”

షెన్ నా వంక తిరిగాడు. కోపం లేదు. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు చూశాడు. “నాకు ఆ భాష తెలియదు,” అన్నాడు నబీల్‌తో. “నేనే తప్పుగా అర్థం చేసుకుని ఉండొచ్చు.”

అంతే. నా తప్పు లేదని రాశారు. అత్యవసర రోగిని నేరుగా ఆసుపత్రికి పంపనందుకు షెన్ కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్ళడానికి మూడు వారాలు గడువిచ్చారు.

ఆ మూడు వారాలూ రోజుకి రెండుసార్లు నబీల్ గది తలుపు ముందు నుంచి నడిచాను. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. పిల్లలు అనుకుంటారు, పెద్ద తప్పు ఒప్పుకోవడం కష్టమని. తప్పు కష్టం కాదు. దాని వెనక ఉన్న కారణం చెప్పడం కష్టం. “నా భార్య ఇతని గదిలో నవ్వింది డాక్టర్” అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆ రోజుల్లోనే వసంత ఒక సాయంత్రం ఆలస్యంగా ఇంటికొచ్చింది. ఖాజాని చూడ్డానికి వెళ్తూ, మాటలు తెలియక ఆమెని తోడు రమ్మన్నాడట షెన్. నన్ను అడగలేదు. చెప్పులు విప్పుతూ ఆమె అడిగింది.

“ఆ గురువారం అతను తిన్నాడా?”

“తిన్నానన్నాడు.”

“నేనడిగింది అది కాదండీ.”

నేను టీవీ వైపు చూశాను. ఆమె చెప్పులు పక్కన పెట్టింది. “చెప్పాల్సింది మీరు. నేను చెబితే అది మీరు చెప్పినట్టు కాదు,” అని వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వెళ్ళే ముందురోజు షెన్ నా గదికి వచ్చాడు. నేను లైటు వెయ్యలేదు.

“మీ ఆవిడ ఆపరేషన్‌కి ఒప్పుకుంది,” అన్నాడు. “ఎండాకాలం రాకముందే చేయించండి. మత్తు ఇచ్చేదాకా పక్కన ఉండండి. తలుపు బయట కాదు.”

ఐదేళ్ళుగా నేను చెప్పి ఒప్పించలేనిది అతను ఒప్పించి వెళ్తున్నాడు. ఆ క్షణంలో కూడా నాకు కలిగింది కృతజ్ఞత కాదు.

తలుపు దగ్గర ఆగి అన్నాడు. “అతన్ని నేనే టాక్సీ ఎక్కించాల్సింది. నీకు అతని భాష వచ్చు కదా, నీ దగ్గరైతే భద్రం అనుకున్నాను.”

అతని గదిని చర్మానికి లేజర్ చేసే గదిగా మార్చారు. గోడ అవతల నుంచి మళ్ళీ మాటలు వినబడలేదు. నేను కోరుకున్నది అదే. ఆ నిశ్శబ్దంలో ఇంకా కొన్నేళ్ళు పనిచేశాను. వసంత ఆపరేషన్ బాగా జరిగింది. పక్కనే ఉన్నాను. మత్తు ఎక్కే ముందు ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇది షెన్ చెబితే దొరికిన చెయ్యి కదా అనుకున్నాను. అసూయ అంటే అదే. మనదైనది కూడా మనకి దక్కనివ్వదు.

రంజాన్ పండుగ

వసంత పోయి ఏడాది దాటింది. దీనికి సంబంధం లేని జబ్బు. ఆమె ఫోన్ ఇంకా ఛార్జింగ్‌లో పెడుతూనే ఉన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

మొన్న రంజాన్ పండుగనాడు మధ్యాహ్నం అది మోగింది. ‘ఖాజా’ అని పేరు పడింది. ఎత్తాను.

“ఈద్ ముబారక్ అమ్మా! పోయిన పండుగకు ఫోన్ కలవకపాయె. బాగున్నవా?”

“అమ్మ లేదు,” అన్నాను. “పోయింది.”

అతను ఏడ్చాడు. నేను వింటూ కూచున్నాను. ఏటా పండుగకి ఆమె అతనితో మాట్లాడేదట. అతని కూతురికి ఏ పుస్తకాలు కొనాలో చెప్పేదట. నాకు తెలియదు. పోయిన మనిషి ఇంకొకరి దగ్గర ఇంత మిగిలి ఉంది, నా దగ్గర లేదు. ఈ వయసులో, ఆమె పోయాక కూడా, ఒక కూలిమనిషి మీద నాకు అసూయ కలిగింది. దాన్ని అసూయ అని పేరు పెట్టి గుర్తుపట్టడం మాత్రం అదే మొదటిసారి. బహుశా అందుకే నోరు పెగిలింది.

“ఖాజా భాయ్, మీకొక మాట చెప్పాలి. ఆ గురువారం మీరు తినలేదని నాకు తెలుసు.”

“ఏ గురువారం సార్?”

చెప్పాను. చొక్కా మీద మరక చూశానని, రెండో ప్రశ్న కావాలనే అడగలేదని, నబీల్ దగ్గర అబద్ధమాడానని. ఎందుకో కూడా చెప్పాను. ఆనాడు అతన్ని ‘నువ్వు’ అన్నవాణ్ణి ‘మీరు’ అని చెప్పాను.

అంతా విని అతను అన్నాడు. “గల్ఫ్‌కు వచ్చినంక నన్ను తిన్నవా అని అడిగింది మీరొక్కరే సార్. తినలేదంటే మీరు ఫికర్ పడతరని తిన్న అన్న.”

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

“నా సంగతి పోనియ్యున్రి. బతికిన గద,” అన్నాడు. “చైనా సార్ నౌకరి మీ మాటకే పోయిందా?”

“అవును.”

“మరి మీరు ఆయనకు చెప్పలేదా?”

“లేదు. నంబరు కూడా లేదు నా దగ్గర.”

“నా దగ్గరున్నది. అమ్మనే ఇచ్చింది. రాసుకోండ్రి.”

రాసుకున్నాను. అందరి నంబర్లూ అందరి దగ్గరా ఉన్నాయి, నా దగ్గర తప్ప. మర్నాడు షెన్‌కి మొత్తం రాశాను, ఏదీ తగ్గించకుండా. నబీల్ ఇప్పుడు వాళ్ళ దేశంలో ఉన్నాడు, ఆయనకీ రాశాను. నబీల్ పెద్ద ఉత్తరం రాశాడు. అందులో ఉన్నవన్నీ నాకు తగినవే. షెన్ దగ్గర నుంచి ఒకే వాక్యం వచ్చింది. “నీ భార్య ఎలా ఉంది?” దానికింకా జవాబు రాయలేదు. ఇది పూర్తయ్యాక రాస్తాను.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి నేను చెప్పేది చాలా చిన్నది. నియమాలు రోగి కోసం పెట్టినవి. మనసు బాగోలేని రోజు మనం వాటి వెనక దాక్కోగలం. ఏ కాగితమూ మనల్ని పట్టుకోలేదు. అలాంటి రోజు నియమం గుర్తొస్తే, ముందు అది ఎందుకు గుర్తొచ్చిందో చూసుకోండి. మన భాష మాట్లాడే రోగి వస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి. అతను మన చదువు చూసి నమ్మడు. మన మాట విని నమ్మేస్తాడు.

ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఖాజా అడిగాడు.

“సార్, తిన్నరా?”

“ఆఁ, తిన్నాను,” అన్నాను.

“ఏం తిన్నరు?”

వంటింటి వైపు చూశాను. పొద్దుటి నుంచి స్టవ్ వెలిగించలేదు.

“ఇంకా తినలేదు ఖాజా భాయ్,” అన్నాను.